వంటపాత్రల ఎన్నిక

(ఆరణిలో మన సంఘపు మహిళా సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘపు సభలలో బడులను గూర్చియు, భాషను గూర్చియు, అర్జీలను గూర్చియు మాటలాడుకొనుట అలవాటు. వంటపాత్రలను గూర్చి సభలో ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. అయినను దినమునకు మూడు మారులు మన చేతికి వచ్చు వస్తువు అది. మన పిల్లలు తిను అన్నము అందులోనే ఉడుకును. పెండ్లి ఖర్చులలో పాత్రల పద్దు చిన్నది కాదు. కావున దానిని గూర్చి ఒక సాయంకాలము ఆలోచించుట వ్యర్థము కాదని నా నమ్మకము.

నేను చెప్పదలచినది ఒక్కటే. పాత్ర అసలు వెల అంగడిలో వ్రాసిన చీటీ వలన తెలియదు. అందు మనము వండు పులుపు, దాని క్రింద మండు నిప్పు, అది మన యింట నిలుచు ఏండ్లు, ఈ మూటిని లెక్కకు తెచ్చుకొనిననే దాని వెల తెలియును. ఈ మూటిలో మొదటిది పులుపు.

ఇతర దేశములవారు వ్రాసిన పుస్తకములలో పాత్రలను గూర్చి చెప్పిన మాటలు మనకు అన్నియు సరిపడవు. ఏలయన మన వంటకు చింతపండు ప్రాణము. పులుసు, చారు, సాంబారు, గోంగూర, మామిడికాయ పప్పు, పులిహోర, ఇందులో దేనికైనను పులుపు లేక గడవదు. మనము తమిళనాట తరతరములుగా నివసించుటచే వత్తకొళంబు కూడ మన వంట అయినది. పులుపును ఉప్పును కలిసి అరగంట మరిగినచో ఏ లోహమైనను కొంత కరుగును. కరిగినది ఏమి, అది కడుపులో చేరిన మేలా కీడా అనునదే ప్రశ్న.

మన అవ్వలకు రసాయనశాస్త్రము తెలియకపోయినను ఈ సంగతి తెలియును. ఇత్తడి పాత్రలో పులుసు నిలువ యుంచిన పచ్చని చిలుము పట్టునని వారెరుగుదురు. రాగియు తుత్తునాగమును కలిపినది ఇత్తడి. అందులోని రాగి పులుపునకు కరుగును. ఆ కూర తిన్నవారికి డోకు, వాంతి కలుగును. అందులకే వారు లోపల కళాయి పూయించిరి. పాత్రను నిప్పులపై కాచి, నవాసారము చల్లి, తగరపు తునకను అద్ది, దూదితో నలుదిక్కుల తుడిచినచో వెండివలె మెరయు పొర యేర్పడును. ఆ పొర ఉన్నంతవరకు ఇత్తడి నిరపాయము. పొర అరిగి అడుగున పసుపు రంగు కానవచ్చిన నాటినుండి ఆ పాత్రలో పులుపు వండరాదు. కళాయి వేయువారు మన వీధులలో అరుదైనారు. కావున ఇత్తడి గుండిగను కొనుటకు ముందు, దానికి కళాయి వేయువారు ఎక్కడ నున్నారో తెలిసికొనుట మేలు. బాగుచేయువాడు లేని పాత్ర ఎంత గట్టిదైనను అలంకారమునకే మిగులును.

తగరము మాట వచ్చినది కావున చారు కాచు ఈయపు చెంబును గూర్చి రెండు మాటలు. తమిళమున ‘ఈయం’ అను పేరు రెండు లోహములకు చెల్లును. వెళ్ళీయము తగరము, కారీయము సీసము. చెంబు వెళ్ళీయముతో చేసినదై యుండవలెను. తగరము కంటె సీసము చౌక గనుక కల్తీకి ఆశపడువారు ఉందురు. నమ్మకముగల అంగడిలో, లోహమును పేర్కొన్న రసీదుతో తప్ప దానిని కొనరాదు. మరియు తగరము 232 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరగును. కావున వట్టి చెంబును పొయ్యిపై నుంచరాదు; నీరు పోసిన పిమ్మటనే మంట వెలిగింపవలెను.

ఇక సత్తు పాత్ర, మనవైపు సిలవరని పిలుచు అల్యూమినియం. మన దేశమున దాని కథ మన చెన్నపట్టణములోనే మొదలైనది. 1898లో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అను ఇంజనీరు మదరాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో అల్యూమినియం పాత్రలు చేయించుట ఆరంభించెను. కొలది యేండ్లకే ఆ పని ప్రభుత్వము చేతినుండి ఒక కంపెనీకి మారెను. తేలికయు చౌకయు గనుక ఆ పాత్ర బీదవాని యింటికి కూడ చేరెను. వేడిని ప్రసరింపజేయుటలో అది స్టీలు కంటె సుమారు 15 రెట్లు మేలు. అందువలన అన్నము వార్చుటకు, నీరు కాచుటకు అది పనికివచ్చును. పులుసునకు మాత్రము పనికిరాదు. పులుపు తగిలిన పాత్ర లోపలి మెరుగు పోయి గరుకెక్కుట మీలో పెక్కుమంది చూచియే యుందురు. అట్లు పోయిన లోహము కూరలోనే కలిసినది.

ఇంతకంటె భయపడవలసిన సంగతి వేరొకటి కలదు. 2025 ఆగస్టులో అమెరికా ఆహార ఔషధ శాఖవారు, భారతదేశమునుండి వచ్చిన కొన్ని వంటపాత్రలనుండి సీసము ఆహారములోనికి దిగుచున్నదని ప్రకటించి, వానిని అమ్మవలదని వర్తకులకు చెప్పిరి. ఆ ప్రకటనలో అల్యూమినియం, ఇత్తడి, మనము ఇండాలియమని పిలుచు మిశ్రమలోహము, మూడును పేర్కొనబడినవి. సీసమునకు ఇంతవరకు హాని లేదను మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి మాట. అది చిన్నపిల్లల మెదడును దెబ్బతీయును, చదువు తగ్గించును, పోయిన తెలివి మరల రాదు.

పాత్రలోనికి సీసము ఎట్లు వచ్చును? పలువిధములైన తుక్కును కలిపి కరగించి పోత పోయుటవలన. తుక్కును కరగించుట తప్పుపని కాదు. మన గుమ్మిడిపూండి పారిశ్రామికవాడలో ఇనుప తుక్కును కరగించి కమ్ములు చేయు కర్మాగారములు కలవు. ఇల్లు కట్టుటకు ఆ కమ్మి తగును. అన్నము వండు గిన్నెకు మాత్రము ఏ తుక్కు ఏ కొలిమిలో కరిగెనో తెలియవలెను. కావున పేరును ముద్రయు లేని పోత అల్యూమినియం గిన్నెను, ఎంత బరువుగా నున్నను, ఎంత చౌకగా వచ్చినను, కొనవలదు. స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేయుచు కేంద్ర ప్రభుత్వము 2024లో ఉత్తరువు వెలువరించినది. ఆ ముద్రను అడిగి చూచుట మన హక్కు. అంగడివాడు విసుగుకొనిన పొరుగు అంగడికి పోవుదము.

మన యిండ్లలో నేడు ఎక్కువగా వాడునది స్టీలు, తమిళనాట వాడుకలో ఎవర్సిల్వరు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డునందు హ్యారీ బ్రియర్లీ అను లోహశాస్త్రజ్ఞుడు తుప్పు పట్టని ఉక్కును రూపొందించెను. సేలములో ప్రభుత్వపు ఉక్కు కర్మాగారము 1981లో ఉత్పత్తి మొదలుపెట్టిన పిమ్మట దాని రేకు మన దక్షిణాదిని మిక్కిలి పేరొందెను. పులుపునకు జంకని గుణము దానిది. కాని స్టీలన్నియు ఒక్కటి కాదు. నూటికి సుమారు 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు గలదానిని 304 రకమందురు. నికెలును తగ్గించి మాంగనీసును హెచ్చించినవి 201, 202 రకములు. ఇవి చౌక, ఉప్పునకు త్వరగా మచ్చలు పడును.

అయస్కాంతము అంటనిది మేలైన స్టీలని అంగళ్లలో చెప్పుట కద్దు. ఈ పరీక్షను నమ్మరాదు. 304 రకమునకును అంటదు, 202 రకమునకును అంటదు. అంటునట్టి 430 రకము పాత్రలకు చెడ్డది కాదు. పైగా ఇండక్షను పొయ్యికి అంటు అడుగే కావలెను. పాత్రపై అచ్చొత్తిన రకపు అంకెను చూచుటయు, దానిని రసీదులో వ్రాయించుకొనుటయు నమ్మదగిన మార్గము. మరియొక చిన్న చిట్కా: చల్లని నీటిలో ఉప్పు వేసి పొయ్యిపై నుంచినచో స్టీలు అడుగున సన్నని గుంటలు పడును. నీరు మరిగిన పిమ్మట ఉప్పు వేసినచో పడవు.

ఇక రెండవది, నిప్పు. స్టీలు వేడిని మందముగా ప్రసరింపజేయును. పలుచని గిన్నెలో మంట తగిలినచోట పప్పు మాడును, అంచున ఉడకదు. మాడినదానిని గీకుటకు నీరు, పొడి, చేతి సత్తువ ఖర్చు. కావున అడుగు మందముగల గిన్నెను కొనవలెను. రెండు స్టీలు రేకుల నడుమ అల్యూమినియం అడుగునుండి అంచువరకు నిండియున్న మూడుపొరల పాత్రలు వెల హెచ్చైనను సమముగా కాగును. అడుగున రాగి పూత మాత్రము చూచి మోసపోరాదు. కాగితమంత పలుచని రాగి కంటికి ఇంపు, వంటకు లాభము లేదు.

రేకు మందమును గేజి అను కొలతతో చెప్పుదురు. ఇది తలక్రిందుల లెక్క. అంకె పెరిగినకొలది రేకు పలుచన. 16 గేజి సుమారు 1.6 మిల్లీమీటర్లు, 18 గేజి సుమారు 1.2; 22 గేజి 0.7 మాత్రమే. అమ్మువాడు ‘22 గేజి తల్లీ, పెద్ద నంబరు’ అనినచో నవ్వి గిన్నెను క్రింద నుంచుడు.

ఇనుము మన పాతచుట్టము. మూకుడు, పెనము ఇనుపవే మేలు. వేయించుటకు, దోసెలకు దానికి సాటి లేదు. ఇది కరిగినను కీడు లేదు, మేలే కలదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. తమిళనాట 53 మంది. ఆంధ్రప్రదేశమున 59 మంది. ఇథియోపియాలో పిల్లలపై జరిపిన పరిశోధన 1999లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడినది. అల్యూమినియం పాత్రల వంట తిన్న పిల్లల కంటె ఇనుప పాత్రల వంట తిన్న పిల్లలకు రక్తము ఎక్కువగా వృద్ధియైనట్లు అందు తేలినది. ఇనుప మూకుడు మందు కాదు, వైద్యుని మాత్రలకు బదులు కాదు. అయినను చేతికందిన ఈ మేలును ఏల విడువవలెను?

క్రొత్త పెనమును కడిగి, బియ్యపు కడుగునీటిలో ఒకటి రెండు దినములు నానబెట్టి, ఆరబెట్టి, నూనె రాచి, సన్నని సెగపై కాచి, ఉల్లిపాయ చెక్కతో రుద్దవలెను. ఇట్లు నాలుగైదు మారులు చేసిన దోసె తనంత తాను లేచివచ్చును. వండిన కూరను ఇనుప పాత్రలో రాత్రియెల్ల ఉంచరాదు; పులుసైన నల్లబడును. కడిగిన వెంటనే తుడిచి నూనె చేయి తగిలించిన తుప్పు రాదు. అంటుకొనని నల్లపూత పెనములు మొదటి యేడు సుఖమిచ్చును. 260 డిగ్రీలు దాటిన ఆ పూత చెడును. వట్టి పెనము పెద్దమంటపై కొలది నిమిషములలోనే అంత కాగును. పూత లేచిన పెనము తుక్కువాడు కూడ ముచ్చటపడి కొనడు.

పులుసునకు మన పూర్వులు వాడిన రాచిప్పను, మట్టిచట్టిని మరువరాదు. రాచిప్ప బలపపు రాతితో తొలిచినది. తమిళులు కల్చట్టి యందురు. పులుపు దానిని ఏమియు చేయదు. దింపిన పిమ్మటను పులుసు చాలసేపు కుతకుతలాడుచునే యుండును గనుక, ఉడుకుటకు కొంచెము ముందే మంట ఆపవచ్చును. క్రొత్తదానిని ఒక్కసారిగా పెద్దమంటపై నుంచిన పగులును. కొన్నాళ్లు గంజి పోసి, నూనె రాచి, సన్నని సెగకు అలవాటు చేయవలెను. మట్టికుండను వ్రేలితో తట్టిన ఖంగున మ్రోగవలెను. బొంగురుగా పలికిన ఎక్కడనో బీట కలదని అర్థము. మన పొరుగున పెరియపాళయపు భవానీ అమ్మవారికి ఆడిమాసమున పొంగలి పెట్టువారు కుండలను ఇట్లు తట్టి చూచియే కొందురు.

ప్రెజరు కుక్కరులు మన దేశమున 1959 ప్రాంతమున తయారగుట ఆరంభమైనవి. లోపలి ఒత్తిడివలన నీరు సుమారు 120 డిగ్రీలవద్ద మరుగును గనుక కందిపప్పు త్వరగా ఉడుకును, గ్యాసు మిగులును. కుక్కరును ఐ.ఎస్.ఐ. ముద్ర లేక కొనరాదు. దాని రబ్బరు పట్టీ, రక్షణ కవాటము మన ఊరిలోనో పొన్నేరిలోనో దొరకునా యని అడిగి కొనవలెను. దొరకని కంపెనీ కుక్కరు ఒక్క పట్టీకొరకు అటుక ఎక్కును.

మూడవది ఏండ్ల లెక్క. మాటవరుసకు, పలుచని గిన్నె 600 రూపాయలు, నాలుగేండ్లు నిలుచుననుకొందము. మందపు గిన్నె 1800 రూపాయలు, ముప్పదియేండ్లు నిలుచుననుకొందము. ఏటికి మొదటిదానికి 150 రూపాయలు, రెండవదానికి 60 రూపాయలు. ముప్పదియేండ్లలో పలుచని గిన్నెను ఎనిమిది మారులు కొనవలెను; అనగా 4800 రూపాయలు. చౌకయని తోచినది మూడింతలకు దగ్గరగా ఖర్చు పెట్టించినది. చేత ఒక్కసారిగా 1800 లేనివారు ఒకేమారు ఆరు గిన్నెలు కొనక, ఏడాదికొక మంచిగిన్నె చొప్పున కొనవచ్చును. బీదయింటికి ఈ మార్గమే క్షేమము.

అంగడిలో చేయవలసిన పరీక్షలు కొన్ని కలవు. గిన్నెను చదునైన నేలపై నుంచిన ఊగరాదు. పిడులు రివిట్లతో బిగించినవై యుండవలెను. అతుకు మాత్రమే యున్నచో ముందుగా ఊడునది అదే. అంచు చేతికి కోసుకొనరాదు. మూత గట్టిగా కూర్చుండవలెను. నిండుగా నీరున్నప్పుడు మీ చేతితో ఎత్తగల బరువే కొనుడు. కోడలు ఎత్తలేని గంగాళము ఎంత గట్టిదైనను ఆ యింటికి తగినది కాదు. కంచును మాత్రము మ్రోగించి చూడుడు. అది రాగియు తగరమును కలిసినది గనుక నిండుగా మ్రోగును, క్రిందపడిన పగులును.

నలుగురున్న యింటికి ఎన్ని పాత్రలు చాలును? అయిదు లీటర్ల కుక్కరు ఒకటి, మందపు అడుగుగల స్టీలు గిన్నెలు రెండు, ఇనుప మూకుడు ఒకటి, ఇనుప పెనము ఒకటి, పులుసునకు రాచిప్పగాని మట్టిచట్టిగాని ఒకటి, పాలకు వేరుగా ఒక గిన్నె. ఇవి యేడు. తక్కినవి చుట్టములు వచ్చునాటికి. సారెలో ముప్పది పలుచని గిన్నెలు పేర్చి ఊరికి చూపుటకు అప్పు చేయు తల్లిదండ్రులను మనమందరము ఎరుగుదుము. ఆ వెలకే ఈ యేడింటిని గట్టివిగా ఇచ్చినచో బిడ్డ తన బిడ్డ పెండ్లివరకు వాడుకొనును. ఇది ఒక్కరు చేసిన పిసినారితనమందురు. పదిమంది కలిసి చేసిన ఆచారమందురు. కావున సంఘములోని కుటుంబములు దీనిని కూడి నిర్ణయించుకొనిన బాగుండును.

తుదకు పాత పాత్రల సంగతి. పాత సామాను తూచి క్రొత్త స్టీలు ఇచ్చువారు వీధిలోనికి వచ్చినపుడు మనము అటుకలోని కంచును, ఇత్తడిని ఒక్క కుప్పగా దించుచున్నాము. కంచు వెల వేరు, ఇత్తడి వెల వేరు. రెంటిని విడదీసి ఇంటిలోనే తూచుకొని, ఆనాటి ధర రెండు చోట్ల అడిగిన పిమ్మట మాటలాడుడు. శ్రీకాకుళపు బూడితిలోను, గోదావరి సీమలోని అజ్జరములోను ఈ లోహపు పని చేయువారు నేటికిని కలరు. క్రొత్తగా అంత బరువు పాత్ర కొనబోయిన దాని విలువ మనకు తెలియును. కళాయి వేయించిన మరల పొంగలికి పనికివచ్చునవి ఉంచుకొనుడు. చిల్లిపడి సీసపు అతుకు వేసినవానిని, ఏ లోహమో తెలియనివానిని వంటకు తీయవలదు.

ఇంకొక మాట. పుత్తూరునుండి, నాగలాపురమునుండి, సత్యవేటినుండి మన యిండ్లకు వచ్చిన కోడండ్రు సారెగా తెచ్చిన బిందెల, చెంబుల మెడపై పేరు కొట్టించియుందురు. ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన ఆ అక్షరములు తెలుగు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకు చేరినది. సరిహద్దు మారినను ఆ చెంబులపై పేర్లు మారలేదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము పిమ్మట బడిలో తెలుగు కరవైన మన పిల్లలకు ఆ పేర్లు చదువుట రాకున్నది. తూకమునకు వేయుటకు ముందు ఆ పేరును మనుమనిచేత కూడబలికించుడు. గుండిగ, దాక, మరచెంబు, రాచిప్ప అను మాటలను వాని చెవిన వేయుడు. పేరున్న పాత్రనైనను ఒక్కదానిని ఇంటిలో నిలుపుకొనుడు. క్రొత్తగా కొన్న గట్టి గిన్నెపై మీ పేరును తెలుగులోనే కొట్టింపుడు. ముప్పదియేండ్లు నిలుచు గిన్నెపై వ్రాసిన అక్షరము ముప్పదియేండ్లు నిలుచును.